జన్యు పటంలో మన ఊరి పేరు ఎక్కడ?



కంది చేనుకు వెర్రి తెగులు వస్తే ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. మొక్క చావదు. ఎదుగుతూనే ఉంటుంది. కాకపోతే ఆకులు చిన్నవైపోయి, పాలిపోయిన పచ్చగా మచ్చలు పడి, కొమ్మలన్నీ గుబురుగా పొదలా తయారవుతాయి. పూత రాదు. పూతే లేకపోతే కాయెక్కడిది? అందుకే దీన్ని గొడ్డుమోతు తెగులు అని కూడా అంటారు. మొలిచిన నెలన్నర లోపు సోకిందంటే ఇక ఆ చేను మీద ఆశ వదులుకోవాల్సిందే. కంది కొత్త పండగకి దేవుడి ముందు పెట్టడానికి కూడా పక్క ఊరికి పోయి అడుక్కోవాలి.

ఈ తెగులును తట్టుకునే గుణం కంది మొక్కలో ఎక్కడ దాగుందో శాస్త్రవేత్తలు పటం గీస్తున్నారు. దాన్నే జన్యు పటం అంటారు. నేను ఆ పటం గురించే మాట్లాడదామనుకుంటున్నాను. 'మనకి పోడు పట్టాల గొడవ ఉంది, జీవో 3 గొడవ ఉంది, మధ్యలో ఈ జన్యువుల గోలేంటి' అని పక్కకి తిప్పేయకండి. భూమి హక్కు ఎంతో, ఆ భూమిలో వేసే విత్తనం మీద హక్కు కూడా అంతే. మొదటిది పోతుంటే కళ్ళకి కనబడుతుంది. రెండోది పోతున్నా కనబడదు. అదే దీనిలో ప్రమాదం.

ముందు సంగతేంటో తెలుసుకుందాం. తెలియని దాని మీద కోపం పెంచుకుంటే లాభం లేదు.

ఈ తెగులును మొదటిసారి 1931లో బీహార్‌లోని పూసాలో నమోదు చేశారు. దాన్ని మోసుకొచ్చేది కంటికి ఆనని ఒక నల్లి అనీ, అది గాలిలో కొట్టుకొచ్చి చేల మీద వాలుతుందనీ ఆ తర్వాత తేలింది. కానీ ఆ నల్లి మోసే వైరస్ ఏదో పట్టుకోవడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది. 2000 ప్రాంతంలో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దాని ఆచూకీ తీశారు. అది ఒకటి కాదు, రెండు వైరస్‌లని తర్వాత తెలిసింది.

ఇక పటం ఎలా గీస్తారు? తెగులును తట్టుకునే కందిని, తట్టుకోలేని కందిని కలిపి సంకరం చేస్తారు. వాటి పిల్లల్ని, పిల్లల పిల్లల్ని వందల్లో పెంచుతారు. తర్వాత తెగులు పట్టిన ఆకు తెచ్చి, లేత మొక్క ఆకుకి స్టేప్లర్‌తో పిన్ను కొడతారు. అవును, ఆఫీసులో కాగితాలకి కొట్టే స్టేప్లరే! తెంపిన ఆకు వాడిపోతుంటే దాని మీదున్న నల్లి పచ్చి ఆకు మీదకి పాకుతుంది. దానితోపాటే వైరస్ కూడా చేరుతుంది. కొన్ని మొక్కలకి తెగులొస్తుంది, కొన్నిటికి రాదు. ఇప్పుడు ప్రతి మొక్క నుంచీ డీఎన్ఏ తీసి చూస్తారు. కందికి 11 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటి మీద అక్కడక్కడ గుర్తులు ఉంటాయి, మన ఊళ్ళో ఫలానా చింతచెట్టు, ఫలానా గెడ్డ అని చెప్పుకున్నట్టు. వాటిని మార్కర్లు అంటారు. తెగులు రాని మొక్కల్లో ఏ గుర్తు మళ్ళీ మళ్ళీ కనబడుతుందో, ఆ గుర్తు పక్కనే తట్టుకునే గుణం ఉందని లెక్క కడతారు.

దీనివల్ల ఉపయోగం ఏంటంటే, కొత్త రకం తయారుచేసేటప్పుడు తెగులు కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూడక్కర్లేదు. లేత మొక్క ఆకు చిన్న ముక్క పరీక్షిస్తే చాలు, ఇది నిలబడుతుందా పోతుందా అన్నది ముందే అంచనా వేయొచ్చు. 2011లో కంది జన్యుక్రమం మొత్తం చదివేశాక ఈ పని ఇంకా తేలికైంది. అందుకు వాడింది 'ఆశ' అనే రకం.

ఒక్క మాట ఇక్కడే చెప్పేస్తాను. పటం గీయడం వేరు, జన్యుమార్పిడి పంట వేరు. పటం చూసి చేసేది మామూలు సంకరమే, కాకపోతే కళ్ళు తెరిచి చేసే సంకరం. ఈ రెండూ కలిపేసి పోస్టులు పెట్టే మన తమ్ముళ్ళు దయచేసి గమనించండి. ఎదుటివాళ్ళు మన వాదన మొత్తాన్ని కొట్టేయడానికి ఈ ఒక్క తప్పు చాలు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ వైరస్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పటాన్‌చెరులో కనబడే రకం కాస్త మెతక, బెంగళూరు వైపు కనబడేది మొండిది. పటాన్‌చెరులో తట్టుకున్న కంది అక్కడ పడిపోవచ్చు. అందుకే ఒక్క జన్యువు దొరికితే పని అయిపోదు. తట్టుకునే గుణం ఉన్న కొత్త మూలాలు ఎప్పుడూ కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయి? నాటు రకాల్లో దొరుకుతాయి. అడవి కంది జాతుల్లో దొరుకుతాయి. కాజానస్ స్కారబయోయిడిస్ అనే అడవి తీగ ఒకటుంది. దానిలో కొన్ని రకాలు తాము పరీక్షించిన వైరస్ రకాలన్నిటినీ తట్టుకున్నాయని 2003లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనం వేసుకునే కందికి తల్లి లాంటిది కాజానస్ కాజానిఫోలియస్ అనే ఇంకో అడవి మొక్క. అది బస్తర్‌లో, ఒడిశా కొండల్లో, మన తూర్పు కనుమల్లో పెరుగుతుంది. కంది పుట్టిల్లు మధ్య, తూర్పు భారతమే అని పరిశోధకులు ఎక్కువమంది చెప్పే మాట.

బస్తర్, కొరాపుట్, తూర్పు కనుమలు. ఈ అడవుల్లో ఎవరుంటారో మీకు నేను చెప్పాలా?

ఇంకో సంగతి చూడండి. కంది పూతకి తేనెటీగలు తిరుగుతాయి, ఒక చేను పుప్పొడి ఇంకో చేనుకి చేరుస్తాయి. వదిలేస్తే రకాలన్నీ కలిసిపోతాయి. అలాంటి పంటలో ఒక నాటు రకం తన రంగు, తన రుచి, తన మొండితనం పోకుండా తరాల పాటు నిలిచిందంటే దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంది. ప్రతి ఏడాదీ చేనంతా తిరిగి, తెగులు లేని మొక్కని చూసి, దాని కాయ విడిగా కోసి, ఎండబెట్టి, బూడిద కలిపి, ఎండిన ఆనపకాయ బుర్రలో దాచిన చెయ్యి. మన ఇళ్ళల్లో అది ఎక్కువగా అమ్మమ్మల, నాయనమ్మల చెయ్యి. పరిశోధనా కేంద్రంలో ఆ పనిని 'ఎంపిక' అంటారు. చేసినవాళ్ళకి జీతం ఇస్తారు, పేరు రాస్తారు. మన ఇంట్లో దానికి పేరే లేదు.

జన్యుబ్యాంకులో మాత్రం దానికి ఒక నంబరు ఉంటుంది. ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో కందివే 13 వేలకు పైగా రకాలు ఉన్నాయి. ప్రతి దానికీ ఒక యాక్సెషన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు లాంటిది. పరిశోధన వ్యాసంలో వచ్చేది ఆ నంబరే. ఫలానా నంబరు మొక్క తట్టుకుంది, ఫలానా క్రోమోజోము మీద ఫలానా చోట జన్యువు ఉంది అని. క్రోమోజోము మీద చోటు ఖచ్చితంగా చెప్తారు. నేల మీద చోటు చెప్పరు. ఆ విత్తనం ఏ కొండది, ఏ గూడెంది, ఎవరు దాచారు అన్నది మన దగ్గరికి తిరిగి రాదు. నా అభ్యంతరం పటం గీయడం మీద కాదు. సగం పటమే గీసి మొత్తం గీశామనుకోవడం మీద.

ఈ సగం పటం ఎంత పెద్ద విషయమో వరి కథ చూస్తే తెలుస్తుంది. 1970లలో గ్రాసీ స్టంట్ అనే వైరస్ ఆసియాలో వరిచేలని గడ్డి దుబ్బుల్లా మార్చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6 వేలకు పైగా రకాలు పరీక్షించింది. తట్టుకున్నది ఒకే ఒక్కటి, ఒరైజా నివారా అనే అడవి వరి. అది మన దేశంలోని ఉత్తరప్రదేశ్‌లో సేకరించింది. చెరువు గట్ల మీద, వరి మడుల పక్కన పెరిగే, రైతులు కలుపని పీకేసే గడ్డి. దాని జన్యువుని చేర్చి 1974లో ఐఆర్ 28, 29, 30 రకాలు, 1976లో ఐఆర్ 36 విడుదల చేశారు. ఐఆర్ 36 ఒక దశలో దాదాపు కోటీ 10 లక్షల హెక్టార్లలో సాగైంది. ఆ పని చేసిన గురుదేవ్ ఖుష్‌కి 1996లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. రావాల్సిందే, కోట్లమందికి అన్నం పెట్టిన పని అది. కానీ ఆ గడ్డి పెరిగిన చెరువు గట్టుని పూడ్చకుండా ఉంచిన ఊరికి ఏం వచ్చింది? ఆ ఊరికి కనీసం ఈ సంగతి ఎవరైనా చెప్పారా? ఒక్క గట్టు, ఒక్క గడ్డి. అది అప్పటికే పోయి ఉంటే?

ఇంకో కథ ఛత్తీస్‌గఢ్‌ది. డాక్టర్ రిఛారియా అనే శాస్త్రవేత్త అక్కడి పల్లెలు, అడవులు తిరిగి దాదాపు 19 వేల వరి రకాలు సేకరించారు. వాటిలో బస్తర్ ఆదివాసీలవి కూడా ఉన్నాయి. 2002లో రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ సంపద మీద సింజెంటా అనే బహుళజాతి కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడింది. సంగతి బయటికి పొక్కింది. రైతులు, యువకులు, మేధావులు రోడ్డెక్కారు. కంపెనీ వెనక్కి తగ్గింది. గుర్తుపెట్టుకోండి, తెలిసింది కాబట్టి ఆగింది. తెలియకపోతే ఆగేది కాదు.

అప్పుడంటే విత్తనం మూటలు కదలాలి, లారీ కదలాలి, ఎవరో ఒకరు చూస్తారు. ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. విత్తనం ఒక్కసారి చదివేస్తే దాని జన్యుక్రమం కంప్యూటర్‌లో అక్షరాలైపోతుంది. ప్రపంచంలో ఎవరైనా ఎక్కడి నుంచైనా దించుకోవచ్చు. విత్తనం మన ఊరు దాటకుండానే దాని గుణం ఊరు దాటిపోతుంది. ప్రపంచ దేశాలు కూడా దీన్ని ఒప్పుకున్నాయి. 2024లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దీనికోసం ఒక నిధి పెట్టాలని నిర్ణయించారు. 2025 ఫిబ్రవరిలో 'కాలి ఫండ్' మొదలైంది. ఇలాంటి జన్యు సమాచారంతో సంపాదించే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ, ఆదాయంలో 0.1 శాతం గానీ అందులో వేయాలి. దాన్లో కనీసం సగం మూలవాసులకు, స్థానిక సమాజాలకు అందాలని చెప్పారు. కానీ కట్టడం కంపెనీల ఇష్టం, బలవంతం లేదు. ఇష్టం మీద వదిలేసిన బాకీ ఎంత వసూలవుతుందో సంతలో అప్పు ఇచ్చిన ఎవరినడిగినా చెప్తారు.

కొందరు అన్నలు ఒక మాట అంటున్నారు. 'ఇంత మోసం ఉన్నప్పుడు విత్తనం ఎవరికీ ఇవ్వకుండా దాచేద్దాం' అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ నేను ఒప్పుకోను. నల్లికి షెడ్యూల్డ్ ఏరియా సరిహద్దు తెలీదు. మైదానం రైతు కంది పోయినా, మన కంది పోయినా ఆకలి ఒకటే. పైగా దాచేస్తే విత్తనం మిగలదు, ఏటా విత్తితేనే మిగులుతుంది. జీడిమామిడి తోటలు, నీలగిరి తోటలు పెరిగి, దుకాణం విత్తనం వచ్చి, మన కంది రకాలు ఎన్ని పోయాయో మీ ఊరి ముసలమ్మలని అడగండి. కొన్ని పేర్లు వాళ్ళ నోట్లోనే మిగిలాయి. వాళ్ళూ పోతే పేరూ పోతుంది. అలా పోయిన రకం జన్యుబ్యాంకు చల్లటి గదిలో ఎక్కడో ఒక పొట్లంలో ఉందంటే అది మంచిదే. దాన్ని మనం తిరిగి అడిగి తెచ్చుకోవాలి.

కాబట్టి నా మాట ఇది: తలుపు మూయొద్దు, తలుపు దగ్గర మనం నిలబడదాం. ఎవరొస్తున్నారు, ఏం తీసుకెళ్తున్నారు, ఏం తిరిగి తెస్తారు అని అడిగే హక్కు మనది. ఈ హక్కు కొత్తగా ఎవరూ ఇవ్వక్కర్లేదు, కాగితం మీద ఇప్పటికే ఉంది.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకి పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. అదే చట్టం సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యాన్ని అందుకునే హక్కు, దానికి సంబంధించిన మేధో సంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు అడవిలో ఉండే మనకి ఉందని రాశారు. ఎన్ని గ్రామసభలు ఈ హక్కు కోసం తీర్మానం చేశాయి?

2001 మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టంలో సెక్షన్ 40 ఇంకా సూటిగా ఉంది. కొత్త రకం రిజిస్టర్ చేయించుకునేవాళ్ళు, అందులో గిరిజన కుటుంబాలు గానీ గ్రామీణ కుటుంబాలు గానీ కాపాడిన జన్యు సంపద వాడి ఉంటే ఆ సంగతి దరఖాస్తులో చెప్పి తీరాలి. చెప్పకపోతే దరఖాస్తు కొట్టేయొచ్చు. గిరిజన కుటుంబాలు అని చట్టమే పేరు పెట్టి రాసింది! సెక్షన్ 41 కింద ఊరి తరఫున వాటా కోసం దావా వేయొచ్చు. మన నాటు రకాన్ని రైతు రకంగా మనమే రిజిస్టర్ చేయించుకోవచ్చు, రైతులకి ఫీజు కూడా లేదు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2020 జనవరి లోపు ఇవన్నీ పూర్తి చేయాలని గ్రీన్ ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఎవరి బీరువాలో ఉందో ఒకసారి అడిగి చూడండి. అందులో మీ కంది పేరు ఉందా? మీ భాషలో ఉందా?

'మనం అడిగితే ఎవరిస్తారు' అనేవాళ్ళకి రెండు ఉదాహరణలు చెప్తాను. కొరాపుట్ జిల్లాలో కమలా పూజారి అని పరజా ఆదివాసీ మహిళ ఉండేవారు. మన ఏజెన్సీలో పోర్జా అంటామే, ఆ జనమే. చదువు లేదు. నాటు వరి, చిరుధాన్యాల విత్తనాలు ఊరూరా తిరిగి కూడబెట్టి, పంచి, బతికించారు. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆమె కన్నుమూశారు, విత్తనాలు మిగిల్చి వెళ్ళారు. రెండోది మన తెలంగాణదే. 2022లో తాండూరు కందిపప్పుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే పప్పు సంచి మీద ఊరి పేరు రాయొచ్చన్నమాట. వ్యాపారంలో ఊరి పేరు రాయగలిగినప్పుడు జన్యు పటంలో ఎందుకు రాయలేరు?

ఇక మనం చేయాల్సిన పని. పెద్ద పెద్ద మాటలొద్దు, ఈ కంది కోతల లోపు చేయగలిగినవే చెప్తాను.

మొదటిది, మీ ఊరి విత్తన పటం మీరే గీయండి. ఎవరింట్లో ఏ కంది ఉంది, దాన్ని కువిలో, కోయలో, సవరలో, గోండిలో ఏమంటారు, ఎన్ని నెలల పంట, రుచి ఎలా ఉంటుంది, ఎక్కడ నుంచి వచ్చింది, ఏ పెళ్ళిలో ఎవరు తెచ్చారు, అన్నీ రాయండి. ముఖ్యంగా తెగులు వచ్చిన ఏడాది ఏ చేను పోయింది, దాని పక్కనే ఏ రకం నిలబడింది అన్నది రాయండి. స్టేప్లర్ పట్టుకుని శాస్త్రవేత్త వెతుకుతున్న జవాబు అదే. మన దగ్గర ఉన్నది కథ కాదు, సమాచారం.

రెండోది, ఆ నోట్‌బుక్కుని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి, ఒక కాపీ జీవవైవిధ్య రిజిస్టర్‌లో చేర్పించండి. తేదీ, సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. రేపు సెక్షన్ 40 గురించి మాట్లాడాలంటే చేతిలో కాగితం కావాలి గదా.

మూడోది, విత్తనం అడగడానికి ఎవరైనా వస్తే, సర్కారు వాళ్ళైనా, యూనివర్సిటీ వాళ్ళైనా, సంస్థ వాళ్ళైనా, మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ పని కోసం? నంబరు ఎంత పడుతుంది, మాకు చెప్తారా? జన్యుక్రమం చదివితే ఎక్కడ పెడతారు? ఫలితం మా భాషలో, మా గ్రామసభకి ఎప్పుడు వచ్చి చెప్తారు? జవాబులు రాసి సంతకం పెట్టించుకోండి. నిజాయితీగా పనిచేసే శాస్త్రవేత్త దీనికి బాధపడడు, సంతోషపడతాడు.

నాలుగోది, ప్రభుత్వాన్ని అడగాల్సింది. తెగులు తట్టుకునే కొత్త కంది రకాలని మైదానం కేంద్రాల్లోనే కాదు, కొండవాలు పోడులో, సామ, జొన్న మధ్యలో వేసి పరీక్షించాలి. ఏజెన్సీ మండలాల్లో సామూహిక విత్తన నిల్వలకి సొమ్ము ఇవ్వాలి, వాటి నడక ఆడవాళ్ళ చేతిలో పెట్టాలి. జన్యుబ్యాంకుల్లో ఉన్న మన ప్రాంతపు రకాల జాబితా ఊరి పేరుతో సహా తెలుగులో ఇవ్వాలి, అడిగిన ఊరికి గుప్పెడు విత్తనం తిరిగి ఇవ్వాలి.

ఐదోది మీకు, అంటే డిగ్రీ చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ. పోలీసు, టీచరు, గ్రూప్స్, అన్నీ మంచివే. కానీ మనలో కొందరు వ్యవసాయం, జన్యుశాస్త్రం, చట్టం చదవాలి. క్రోమోజోము మీద గుర్తు చదవగలిగిన అమ్మాయే అమ్మమ్మతో కువిలో మాట్లాడి విత్తనం పేరు కూడా తెలుసుకోగలిగిన రోజున, ఆ రెండు సగాల పటం ఒకటవుతుంది. ఆ పని బయటివాళ్ళెవరూ మన కోసం చేసిపెట్టలేరు.

మీ ఊళ్ళో మిగిలిన కంది రకాల పేర్లు కింద కామెంట్లలో రాయండి. మీ భాషలోనే రాయండి. ఎన్ని పేర్లొస్తాయో చూద్దాం. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మన అడవి, మన విత్తనం, మన గ్రామసభ. జోహార్!